కాకి లేని ఊళ్ళు

గడ్డిఅన్నారం,
ఫిబ్రవరి 3

చిరంజీవి జ్యోతికి,

వదిన దీవెనలు. ఫోన్ ఎత్తితే నువ్వు ఏడుస్తావు, నేను ఏడుస్తాను, మధ్యలో సౌజన్య వచ్చి ఇద్దరినీ తిడుతుంది. పదో తరగతి పిల్ల చేత తిట్లు తినడం నావల్ల కాదు. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నా. నువ్వూ అట్లాగే రాయి. కాగితం మీద ఎంత ఏడ్చినా చప్పుడు కాదు.

మీ అన్న దినాలు అయిపోయాయి. అందరూ వచ్చారు, పోచంపల్లి నుంచి మీ వాళ్ళంతా రెండు వ్యాన్లలో దిగారు. నువ్వు రాలేదని ఎవరూ తప్పుగా అనుకోలేదు. అక్కడి కాగితాలు రెన్యువల్‌లో ఉన్నాయని, ఇప్పుడు కదిలితే మళ్ళీ రానివ్వరని నేనే అందరికీ చెప్పాను. ఉన్నా చేసేదేముంది? దిల్‌సుఖ్‌నగర్ షాపులో చీర మడత పెడుతూ పెడుతూ కూలిపోయాడు. దవాఖానకు పోయేలోపే అయిపోయింది. పక్కనున్న నేనే ఏం చేయలేకపోయాను.

మూడో రోజు పిట్టకు పెట్టాం. మీ చిన్నాయన హనుమాండ్లు అపార్ట్‌మెంట్ డాబా మీద విస్తరి వేశాడు. బగారన్నం, బోటి కూర, గారెలు, అన్నీ ఆయనకిష్టమైనవే. పెట్టి పక్కకు జరిగామో లేదో పిట్ట వచ్చి ముట్టింది. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకూడదు కదా, మేం పన్నెండింటికల్లా అన్నాలు తిన్నాం. ఏ కోరికా మిగలకుండా పోయాడు మీ అన్న. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు. వేళకు తిను.

మీ వదిన
వాసంతి

*

మెస్త్రె,
ఫిబ్రవరి 9

వదినకు,

నీ ఉత్తరం బస్సులో చదివాను. పిట్ట ముట్టిందన్న మాట దగ్గర ఆగి రెండోసారి చదివాను. ఆ రాత్రి నిద్రపోయాను. అన్న పోయాక నిద్రపట్టడం అదే మొదలు.

ఆ మూడో రోజు నేను హోటల్లో ఉన్నాను. పొద్దున టిఫిన్ల డ్యూటీ. టూరిస్టులకు గుడ్లు, కాఫీలు అందిస్తూ గడియారం చూసుకుంటున్నాను, ఇప్పుడు మనింట్లో విస్తరి వేసి ఉంటారని. డ్యూటీ అయ్యాక పెద్ద చౌక్‌కు పోయాను, ఫోటోల్లో అందరూ చూసే చోటు. ఎటు చూసినా పావురాలు. ఇంత అన్నం పెడదామని డబ్బా తీశానో లేదో ఎవరో బోర్డు చూపించారు. పిట్టలకు తిండి వేస్తే జరిమానా అట. డబ్బా మూసుకుని వచ్చేశాను.

ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది నా బతుకు. జ్యోతి వెనిస్‌లో ఉందని అందరూ గొప్పగా చెప్పుకుంటారు. నేనుండేది వంతెనకు ఇవతల మెస్త్రెలో. కాలువా లేదు, పడవా లేదు. మా వీధి చంపాపేట్ రోడ్డు కన్నా గొప్పగా ఏమీ ఉండదు. పొద్దున బస్సెక్కి హోటల్‌కు పోవడం, డ్యూటీ దిగి బస్సెక్కడం. ఊరు చూసింది అన్నే.

నీకు తెలుసు కదా, మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు షాపులో కూర్చునే ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని, అందులో వచ్చే వీధుల బొమ్మల్లో ఇక్కడి గల్లీలన్నీ తిరిగేవాడు. తర్వాత నాకు ఫోన్. “ఇయ్యాల మీ ఊళ్ళ పడవలు రిపేర్ చేసే కాడికి పోయిన. నువ్వు సూసినవా?” లేదు అన్నా అంటే, “నాలుగేండ్ల సంది ఆడుండి ఏం జేస్తున్నవే?” అని నవ్వేవాడు. సౌజన్య పరీక్షలయ్యాక నిన్ను తీసుకుని వస్తానన్నాడు. అందరూ చూసేవి వద్దట, మనుషులు కాపురాలుండే గల్లీలు చూపెట్టాలట. సరే అన్నా అన్నాను. వచ్చేలోపు నేనూ ఒకసారి తిరిగి చూసుకుంటే మంచిదని కూడా అనుకున్నాను.

సౌజన్యను బాగా చదువుకోమను.

నీ ఆడబిడ్డ
జ్యోతి

*

మెస్త్రె,
ఫిబ్రవరి 16

వదినా,

ఎల్బీనగర్ నుంచి మేనత్త ఫోన్ చేసింది. మూడో రోజు పిట్ట ముట్టలేదట. సాయంత్రం దాకా ఎవరూ తినలేదట. నువ్వేమో పన్నెండింటికల్లా తిన్నామని రాశావు.

ఆమె ఇంకా చాలా అంది. అవి రాయను.

నాకు ఎందుకట్లా రాశావు? నేను చిన్నపిల్లనా?

జ్యోతి

*

గడ్డిఅన్నారం,
ఫిబ్రవరి 25

చిరంజీవి జ్యోతికి,

నువ్వు రాయనన్న మాటలు నాకు తెలుసు. మీ మేనత్త నా ముఖం మీదే అంది కాబట్టి నువ్వు దాచనక్కర్లేదు. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. మానం ఎట్లాగూ పోయింది, ఇక చెబుతాను.

పిట్ట ముట్టిందన్నది పూర్తి అబద్ధం కాదు. పావురం వచ్చింది. బగారన్నం రెండు మెతుకులు పొడిచింది. నేను దండం పెట్టుకునేలోపే మీ మేనత్త రాజేశ్వరమ్మ చెంగు ఊపి దాన్ని తరిమేసింది. “పావురం లెక్కల్లకు రాదు, కాకి ముట్టాలె” అంది. ఇక అందరం నిలబడ్డాం. ఎండ నెత్తి మీదికి వచ్చింది. కాకి జాడ లేదు.

ఏదో కోరిక మిగిలిందన్నారు. ఒక్కొక్కరే విస్తరి దగ్గరికి పోయి మాట ఇచ్చారు. పిల్లను నేను చదివిస్తానని మీ చిన్నాయన, చెల్లె వస్తుందిరా అని మీ మేనత్త. నన్ను కూడా పొమ్మన్నారు. షాపు మూయనన్నాను. జ్యోతిని విడువనన్నాను. ఇంకేం అనాలో తోచలేదు. అప్పుడంది మీ మేనత్త అందరి ముందర:

“పెండ్లానికే ఎర్కలేకపోతే వాని మనసుల ఏమున్నదో ఇంకెవలికి ఎర్కుంటది?”

ఆమె మీద నాకు కోపం లేదు. మీ అమ్మ పోయాక మిమ్మల్నిద్దరినీ సాకింది ఆమే. ఆమె కడుపూ కాలింది. కానీ ఆ మాట నా లోపలికి దిగిపోయింది. పదిహేడేళ్ళు కాపురం చేశాను. ఒకే షాపులో, ఒకే గద్దె మీద పక్కపక్కన కూర్చున్నాం. ఆయనకు ఏం మిగిలిపోయిందో నాకు తెలియడం లేదు. రోజూ ఇదే వెతుక్కుంటున్నాను. ఒకనాడు కొత్త స్కూటర్ అంటాను, ఒకనాడు సొంత మగ్గం అంటాను, తెల్లారితే అవేవీ కాదనిపిస్తుంది.

పండ్ల మార్కెట్ ఇక్కడున్నన్నాళ్ళూ కాకుల గోలకు పొద్దున నిద్ర ఉండేది కాదు, నీకు గుర్తుండే ఉంటుంది. మార్కెట్ ఊరవతలకు పోయింది, దాని వెంట కాకులూ పోయాయి. ఇది మీ మేనత్తకు చెబితే, కోరిక తీరితే కాకి కాశీ నుంచైనా వస్తుందంది. ఆ రోజు విస్తరి తీసుకుపోయి సరూర్‌నగర్ చెరువులో కలిపి వచ్చారు.

మొన్న నెల మాసికం నాడు నేనే డబ్బా కట్టుకుని స్కూటీ మీద మూసారాంబాగ్ బ్రిడ్జి దాకా పోయాను. అక్కడ కాకులున్నాయి, లేవనను. ఎవరో పారేసిన కోడి తుక్కు మీద గుంపుగా పడి ఉన్నాయి. ఆయన విస్తరి వైపు ఒక్కటి కూడా తిరిగి చూడలేదు. పోయేవాళ్ళు నన్ను చూస్తున్నారు. సిగ్గేసి ఇంటికి వచ్చేశాను.

జ్యోతీ, నాకొక ఆలోచన వచ్చింది. రోజూ ఆ గల్లీల్లో తిరిగిన మనిషి, ఇప్పుడు అక్కడే ఉన్నాడేమో. నువ్వు అక్కడ పెట్టి చూడవా?

మీ వదిన
వాసంతి

*

మెస్త్రె,
మార్చి 19

వదినకు,

నాకు సెలవు మంగళవారం. ఈ నెల మంగళవారాలన్నీ కాకి కోసమే తిరిగాను. నాతో పనిచేసే అమ్మాయి ఎక్కడికి పోతున్నావని అడిగింది. ఊరు చూడడానికి అన్నాను. నాలుగేళ్ళకు బుద్ధి పుట్టిందా అంది.

మొదట కాస్తెల్లో అని ఒక పేట, అక్కడికి పోయాను. పెద్ద చౌక్ దాటి తూర్పుకు నడుస్తూ పోతే టూరిస్టులు పలచబడతారు. గల్లీకి ఇటూ అటూ తాళ్ళు కట్టి బట్టలారేసుకుంటారు, దుప్పట్ల కింద వంగి నడవాలి. ముసలివాళ్ళు గడప ముందు కుర్చీలు వేసుకుని బఠానీలు ఒలుస్తున్నారు. పిల్లులున్నాయి, పావురాలున్నాయి, కాకి లేదు.

మరో వారం అన్న చెప్పిన పడవల రిపేరు దగ్గరికి పోయాను. నిజంగానే ఉంది వదినా. నల్ల పడవలు బోర్లా పడుకోబెట్టి అడుగు గీకుతున్నారు. తారు వాసన. కాలువ ఇవతలి గట్టున నిలబడి చూశాను. నాకు తెలియకుండానే ఫోన్ తీసి అన్న నంబర్ దాకా పోయాను. చూసిన అన్నా అని చెబుదామని. నాలుగేళ్ళు అడిగితే ఒక్కసారి పోలేదు నేను.

కాలువ అవతల జుదెక్కా అనే దీవి చివర అన్నీ ఫ్లాట్లే. బాల్కనీలకు పావురాలు రాకుండా వలలు కట్టుకున్నారు, అచ్చం దిల్‌సుఖ్‌నగర్. అక్కడా లేదు.

నిన్న సాంతెలెనా పోయాను. ఊరికి ఆ కొస అది. చెట్లూ గడ్డీ ఉన్న పెద్ద పార్కు. అక్కడ కనిపించాయి కాకులు. ఇక్కడి కాకి ఒళ్ళు బూడిద రంగు, తల, రెక్కలు నలుపు. అరుపు మాత్రం మన కాకిదే. చెట్టు కింద కాగితం ప్లేటులో అన్నం, గారెలు పెట్టి పక్కకు జరిగాను. ఎక్కడి నుంచో ఒక కుక్క వచ్చి గారెలన్నీ తినేసింది. దాని యజమానురాలు, ఒక ముసలామె, నన్నే తిట్టడం మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపు ఆగలేదు. ఇది మా అన్న కోసం, ఆయన చనిపోయాడు అని వచ్చిన భాషలో చెప్పాను. ఆమె కుక్కను దగ్గరికి లాక్కుని నా పక్కన నిలబడింది. ఇక్కడ కుక్కలు బతకనివ్వవు, సాంతెరాస్మో దీవికి పో, అక్కడన్నీ కూరగాయల తోటలు, కాకుల బాధ పడలేక రైతులు మొత్తుకుంటారు అని చెప్పింది.

ఆ దీవి సంగతి అన్న కూడా చెప్పాడు. వెనిస్ కూరగాయలన్నీ పడవల మీద అక్కడి నుంచే వస్తాయని. మూడో మాసికం నాడు సెలవు పెట్టి అక్కడికే పోతాను. నువ్వు ధైర్యంగా ఉండు.

నీ ఆడబిడ్డ
జ్యోతి

*

గడ్డిఅన్నారం,
ఏప్రిల్ 6

చిరంజీవి జ్యోతికి,

రెండో మాసికం కూడా అట్లాగే అయింది. ఈసారి మీ మేనత్త ఎల్బీనగర్‌లో వాళ్ళ డాబా మీద పెట్టించింది. సాయంత్రం దాకా చూశాం.

సౌజన్య పరీక్షలయ్యాయి. బాగానే రాశానంటుంది. మీ మేనత్త వచ్చి మాతోనే ఉంటోంది. మంచిదే, ఇంట్లో మనిషి అలికిడి ఉంది. కానీ ఆమె నన్ను చూసినప్పుడల్లా ఏదో అడగబోయి ఆగిపోతుంది. నేనూ ఆమెను తప్పించుకుని షాపులో కూర్చుంటాను. అక్కడ ఆయన గద్దె ఖాళీ. ఎటు పోవాలో తెలియదు.

నాకు అన్నం సయించడం లేదు. పళ్ళెంలో చేయి పెడితే, ఆయన ఆకలితో తిరుగుతున్నాడు, నువ్వు తింటున్నావా అని ఎవరో అన్నట్టుంటుంది. రెండు ముద్దలు మింగి లేస్తాను. నిన్న సౌజన్య నా పళ్ళెం చూసి ఏడ్చింది. తిట్టాను. తిట్టి మళ్ళీ నేనే ఏడ్చాను.

ఒక్క మాట. నేను నీకు రాసినట్టు నువ్వు నాకు రాయకు. ముట్టకపోతే ముట్టలేదనే రాయి. అబద్ధం రాసి నన్ను నిద్రపుచ్చకు.

మీ వదిన
వాసంతి

*

మెస్త్రె,
ఏప్రిల్ 23

వదినకు,

అబద్ధం రాయొద్దన్నావు. రాయను. ముట్టలేదు.

ముందు రోజు రాత్రే వండాను. మా వీధి చివర బంగ్లాదేశ్ వాళ్ళ మాంసం కొట్టుంది. బోటి ఉందా అంటే అతను నవ్వి, కడిగి మరీ ఇచ్చాడు. నువ్వు నేర్పినట్టే పసుపు వేసి ఉడికించి, నీళ్ళు పారబోసి వండాను. బగారన్నం కాస్త మెత్తబడింది. గారెలు బాగా వచ్చాయి.

సాంతెరాస్మోకు పడవ మీద చాలాసేపు పోవాలి. మధ్యలో గోడ కట్టిన శ్మశానం దీవి ఒకటి, గాజు చేసే దీవి ఇంకొకటి వస్తాయి. జనమంతా అక్కడక్కడే దిగిపోయారు. చివరికి నేనూ, సంచులతో ఇద్దరు ఆడవాళ్ళూ మిగిలాం. దిగితే అది పల్లెటూరు వదినా. మట్టి బాట, కాలువ గట్టు, తోటలు. ఆర్టిచోక్ అని ఊదారంగు మొగ్గలు కాసే మొక్కలు, వాటి మధ్య వంగి కోస్తున్న మనుషులు. ఇంత పెద్ద పేరున్న ఊరు తినే తిండి ఇక్కడి మట్టిలో పండుతోంది. అన్న చూస్తే ఇక్కడే కూర్చునిపోయేవాడు.

నీళ్ళ ఒడ్డున ఒక చెట్టు కింద పెట్టాను. విస్తరాకు లేదు, ఆర్టిచోక్ ఆకులు నాలుగు అడిగి తెచ్చుకుని పరిచాను. చెట్టు మీద కాకులున్నాయి. ఒకటి దిగింది. అడుగులో అడుగు వేసుకుంటూ దగ్గరికి వచ్చింది. తల ఒక పక్కకు వంచి గారెను చూసింది, నన్ను చూసింది. వదిన బెంగ పెట్టుకుంది అన్నా, తిను అన్నాను. నాకు తెలిసిన మాటలన్నీ చెప్పాను. రాలేకపోయాను, క్షమించు అన్నాను. వదినను నేను చూసుకుంటానని మాట ఇచ్చాను. అది ఎగిరి తోటలోకి పోయింది. మళ్ళీ రాలేదు.

పొద్దున నుంచి నేనేమీ తినలేదు. ఎండ వాలింది. చలిగాలి మొదలైంది. తిరుగు పడవకు ఇంకా సమయముంది. వదినా, నన్ను తిట్టు. ఆకలి ఆగలేదు. అన్నకు పెట్టింది నేను తిన్నాను. మొదట ఒక గారె. తర్వాత బగారన్నం, బోటి, మొత్తం తినేశాను. చేత్తో, మట్టిలో కూర్చుని, ముక్కు తుడుచుకుంటూ. అన్న పోయిన నాటి నుంచి హోటల్లో మిగిలిన బ్రెడ్డు నిలబడి తినడమే తప్ప కూర్చుని తిన్నది లేదు. ఎంగిలి చేసి తప్పు చేశానో, ఏం చేశానో నాకు తెలియదు. మేనత్తకు మాత్రం చెప్పకు.

నీ ఆడబిడ్డ
జ్యోతి

*

గడ్డిఅన్నారం,
మే 22

చిరంజీవి జ్యోతికి,

నీ ఉత్తరం వచ్చి నెల అవుతోంది. జవాబు రాయలేదని బెంగ పెట్టుకున్నావేమో. కోపం కాదు. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. నువ్వు మట్టిలో కూర్చుని తిన్న చోటికి వచ్చేసరికి ప్రతిసారీ నా నోట్లో నీళ్ళూరాయి. నాకే సిగ్గేసింది.

నిన్న నాలుగో మాసికం. మళ్ళీ మా డాబా మీదే. మీ మేనత్త, మీ చిన్నాయన, సౌజన్య, నేను. వండింది నేనే. విస్తరి వేసి, వెనక్కి జరిగి, వాటర్ ట్యాంకు నీడన నిలబడ్డాం. పావురాలు గోడ మీద వరసగా కూర్చున్నాయి. ఈసారి మీ మేనత్త వాటిని తరమలేదు, ఓపిక పోయింది ఆమెకు కూడా. ఒంటి గంట అయింది, రెండయింది. సౌజన్య ముఖం పీక్కుపోయింది.

నేను ఆ విస్తరినే చూస్తూ నిలబడ్డాను. చూస్తూ చూస్తూ షాపు గుర్తొచ్చింది. మధ్యాహ్నం డబ్బా విప్పే వేళకు నాకెవరో ఒక గిరాకీ తగిలేది. పెళ్ళి చీరలంటే గంటా గంటన్నర. ఆయన డబ్బా ముందు పెట్టుకుని కూర్చునేవాడు. తినండి, చల్లారిపోతుంది అంటే, “కానీయ్, నువ్వు రా” అనేవాడు. నాలుగైనా అంతే, అయిదైనా అంతే. పెళ్ళిళ్ళలో బంతిలో కూర్చున్నా పక్క కుర్చీ మీద దస్తీ వేసి, నేను వచ్చేదాకా ఆకులో చేయి పెట్టేవాడు కాదు. మీ వాళ్ళంతా పెండ్లాం కొంగు పట్టుకుంటాడని నవ్వేవాళ్ళు.

నేను పోయి విస్తరి ముందు కూర్చున్నాను. బగారన్నంలో బోటి కూర కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

“ఏందే వాసంతీ గది?” అని మీ మేనత్త కేక వేసింది. “పిట్ట ముట్టకముందే ఎంగిలి జేస్తవా?”

“నేను తినంది ఆయన ఎన్నడన్న తిన్నడా అత్తమ్మా?” అన్నాను.

మీ చిన్నాయన తల తిప్పుకున్నాడు. నేను తింటూనే ఉన్నాను. కాసేపటికి మీ మేనత్త వచ్చి, మోకాళ్ళు పట్టుకుని నా పక్కన కూలబడింది. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “నాకింత పెట్టు బిడ్డా” అంది. పెట్టాను. సౌజన్యనూ పిలిచాను. అందరం ఆ విస్తరిలోనే తిన్నాం.

ఆ తర్వాత పిట్ట వచ్చిందో లేదో నేను చూడలేదు. మిగిలింది అక్కడే ఉంచి కిందికి దిగాం. ఇక చూడను కూడా. ఆయనకు ఏం మిగిలిపోయిందో అని వెతుక్కోవడం నిన్నటితో మానేశాను. ఏ మనిషికి ఏమీ మిగలకుండా పోతుంది? నాకు తెలిసినంత నాకు తెలుసు.

నీ కాగితాలు వచ్చాక ఒకసారి వచ్చి పో. లేకపోతే నేనూ సౌజన్యా వస్తాం, నువ్వు తిరిగిన గల్లీలు చూపెడుదువు గాని. వేళకు తిను, కూర్చుని తిను.

ఇంకొక్క మాట, నిన్న ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలుగా నా నాలుకకు ఏ రుచీ తెలియలేదు. నిన్న తెలిసింది. కూరలో ఉప్పు తక్కువైంది. నాకెప్పుడూ తక్కువే పడుతుంది, మొదటి ముద్దకే ఆయన చెప్పేవాడు. నిన్న నేను ముద్ద మింగి, ఆయన అంటాడని ఆగాను. ఎవరూ ఏమీ అనలేదు. ఆయన పోయాడని నాకు అప్పుడు తెలిసింది జ్యోతీ.

మీ వదిన
వాసంతి